నీళ్ల మామ, మా స్కాను మిషను

మామ పోయినాడని రమణమ్మ కంభం నుంచి ఫోన్ చేసినప్పుడు నేను డ్యూటీ దిగి లిఫ్ట్ కోసం నిలబడి ఉన్నాను. రమణమ్మ ఆయన కూతురు. ఏడుస్తా చెప్పింది. అప్పుడు నేను అడిగిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"దేంతో?" అన్నాను.

"గుండె అక్కా. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లనే పక్కకు ఒరిగినాడు."

"గడ్డలు కాదు గదా?"

"కాదక్కా. పోయిన నెల స్కాన్‌లో కూడా ఏమీ లేదన్నారు."

లిఫ్ట్ వచ్చి పోయింది. నేను ఎక్కలేదు. మనిషి పోయినాడన్న బాధ ఒక పక్క, గడ్డలతో మాత్రం పోలేదని ఏదో పందెం గెలిచినట్టు గర్వం ఇంకో పక్క. మామ అక్కడే ఉండుంటే, "అంత సంతోషం వద్దులే కోడలా, పోయింది నేనే గదా" అనుండేవాడు.

ఆయన నాకు చుట్టం కాదు. నేను హైదరాబాదులో ఒక పెద్ద ఆస్పత్రిలో స్కాన్ టెక్నీషియన్ని. మనిషి రక్తంలోకి కొద్దిగా రేడియో మందు ఎక్కించి, అది ఒంట్లో యాడ చేరిందో మిషన్‌తో ఫోటో తీయడం నా పని. ఎవరినీ కోయను, గీయను. సూదిపోటు తప్పితే నా చేతిలో ఎవరికీ నొప్పి ఉండదు. మాది మార్కాపురం. మా నాయన పలకల ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైనాడు.

మామను మొదటిసారి చూసిన రోజు హాల్లో నిలబడి పేరు పిలిచినాను. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచినాను. మూల కుర్చీలో పొడుగ్గా, బక్కగా, తెల్ల తువ్వాలు భుజాన వేసుకొని ఒకాయన నన్నే చూస్తా ఉన్నాడు గానీ కదలడం లేదు. చేతిలో ఫైలు ఉంది. దాని మీద పేరు అదే.

"ఏంది పెద్దాయనా, పిలుస్తా ఉంటే పలకవు?" అన్నాను.

అప్పుడు లేచినాడు, ముఖమంతా నవ్వు చేసుకొని. "ఇందాక పిలిచింది ఆస్పత్రి భాషలో. ఇప్పుడు పిలిచింది మన భాషలో. మార్కాపురమా, తర్లుపాడా?"

"మార్కాపురం. ఎట్ల కనుక్కున్నావు?"

"'ఏంది' అన్నావు గదా. పొద్దున్నుంచి ఈడ అందరూ 'ఏంటి, ఏంటి' అంటా ఉంటే పిట్టల మధ్య కూర్చున్నట్టు ఉంది నాకు. ఎవరి బిడ్డవు?"

చెప్పినాను. రెండు నిమిషాల్లో మా వీధి పట్టుకున్నాడు. మా నాయన ఫ్యాక్టరీ పట్టుకున్నాడు. ఆ ఫ్యాక్టరీ వెనక ఉన్న బోరుకు నీళ్లు యాడున్నాయో చూసి పాయింట్ పెట్టింది తనేనన్నాడు. అక్కడి నుంచి నాకు మామ వరస అవుతానని ఆయనే తేల్చేసినాడు.

"ఎట్ల మామవు అవుతావు?"

"ఎట్లనో ఒకట్ల. నువ్వు కాదంటే చెప్పు, అన్న వరస చూసుకుందాం."

ఇంక నేను కోడల్ని, ఆయన మామ.

మామ నీళ్లు చూసేవాడు. మా పక్క వానలు తక్కువ, బోర్లు ఎక్కువ. ఎవరు బోరు వేయించాలన్నా ముందు ఇట్లాంటి మనిషిని పిలుస్తారు. ఆయన చెప్పులు విప్పి, పిలక ఉన్న టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకొని చేనంతా నడుస్తాడు. నీళ్లు ఉన్నకాడ టెంకాయ దానంతటది లేచి నిలబడుతుంది. లేస్తుందా, ఆయన లేపుతాడా అనేది మా నాయన కూడా నాకు ఎప్పుడూ తేల్చి చెప్పలేదు. లేచినకాడ మడమతో గట్టిగా తొక్కి గుర్తు పెడతాడు. మూడు మండలాల్లో ఆయన మడమ గుర్తుల మీద రిగ్గు బండ్లు నిలబడినాయి.

మామ ఎన్నడూ, ఎవరికీ, నీళ్లు లేవని చెప్పలేదు. ఇది ఆయనే చెప్పినాడు నాతో. రిగ్గు దిగి దుమ్ము లేస్తా ఉన్నా సరే, "ఇంకో ఇరవై అడుగులు పోనీ" అంటాడు. ఆ ఇరవై అయినాక, "రాయి మెత్తబడింది, ఇంకో ఇరవై" అంటాడు. అప్పటికీ దుమ్మే అయితే, ఆయన ఎక్కాల్సిన బస్సు వచ్చేస్తుంది.

ఆ మడమలోనే వచ్చింది జబ్బు. కుడి మడమ కింద నల్ల మచ్చ. ముల్లు గుచ్చుకొని నెత్తురు గడ్డకట్టిందనుకొని ఏడాది పైన దాని మీదనే నడిచినాడు. చూపించుకునేసరికి అది చర్మానికి వచ్చే చెడ్డ క్యాన్సర్ అన్నారు. మడమ దగ్గర కోసి తీసినారు. కొన్నాళ్లకు గజ్జల్లో ఒకటి, తొడలో ఒకటి, ఊపిరితిత్తిలో ఒకటి, మూడు గడ్డలు తేలినాయి. కుడి కాలికి మెత్తటి చెప్పు తప్పకుండా వేసుకోమన్నారంట. నేను మొదటిసారి చూసినప్పుడు కుడి కాలికే చెప్పుంది. ఎడమ కాలు ఉత్తిదే.

"రెండో చెప్పు ఏది మామా?"

"డాక్టరు చెప్పింది ఆ కాలికే. ఈ కాలు ఏం తప్పు చేసింది?"

తోడు వచ్చిన రమణమ్మ తల కొట్టుకుంది. రెండో చెప్పు ఆ బిడ్డ సంచిలోనే ఉంది. ఎక్కడికి పోయినా మోస్తా తిరిగేది.

ఆ సంచిలోనే టెంకాయ కూడా ఉంది. అది నాకు మధ్యాహ్నం తెలిసింది. అన్నానికి కిందికి పోతే గ్రౌండ్ ఫ్లోర్ హాల్లో గుంపు. మామ ఒంటి చెప్పుతో, అరచేతిలో టెంకాయతో, పాలరాతి బండల మీద మెల్లగా నడుస్తా ఉన్నాడు. రోగులు, వాళ్లతో వచ్చినవాళ్లు, టీ తెచ్చే ఆమె, అందరూ దారిచ్చి చూస్తా ఉన్నారు. సెక్యూరిటీ అతను వెనకాలే నడుస్తా ఉన్నాడు, ఆపాల్నా వద్దా తెలియక. సరిగ్గా లిఫ్ట్ ముందుకు వచ్చినాక టెంకాయ లేచి నిలబడింది. హాలంతా "ఆఁ" అన్నది.

"ఈడ మంచి ధార ఉంది," అన్నాడు మామ సెక్యూరిటీ అతనితో. "మీ సారుతో చెప్పు."

మెయింటెనెన్స్ ఆయన వచ్చి చూసి నవ్వు ఆపుకోలేకపోయినాడు. "పెద్దాయనా, దాని కింద ఉండేది మురుగునీళ్ల సంపు."

మామ ఏమాత్రం తగ్గలేదు. "నేను నీళ్లున్నాయంటి గానీ తాగమంటినా?"

ఆయన వచ్చింది మాత్రం నవ్వులాటకు కాదు.

గడ్డలు తేలినాక ఆయనకు ఒక కొత్త రకం మందు మొదలుపెట్టినారు. మూడు వారాలకొకసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. అది గడ్డను నేరుగా చంపదు. మన ఒంట్లోని రక్షణ కణాలనే లేపి గడ్డ మీదికి పంపుతుంది. నాలుగుసార్లు ఎక్కించినాక మామూలు స్కాన్ తీస్తే మూడు గడ్డలూ పెరిగి ఉన్నాయి. దానికి తోడు మందు పడక విరేచనాలై మనిషి సగమైనాడు.

క్యాన్సర్ డాక్టరు దాచకుండా చెప్పినాడు. "మందు పనిచేయకపోతే గడ్డ పెరుగుతుంది. ఎక్కువ మందిలో జరిగేది అదే. కానీ అరుదుగా, మందు పనిచేస్తా ఉన్నా గడ్డ ముందు ఉబ్బుతుంది. కణాలు లోపలికి దూరి కొట్లాడతా ఉంటే వాపు వస్తుంది. మామూలు స్కాన్‌లో రెండూ ఒకే రకంగా కనిపిస్తాయి."

రమణమ్మ నా దగ్గరికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. "ఇంటికి తీసుకుపోతా అక్కా. మా ఇంటాయన కూడా అదే అంటా ఉన్నాడు. ఉన్న నాలుగు రోజులూ మంచాన పడి విరేచనాలతో ఎందుకు పోవాల? ఇంట్లో ఇంత అన్నం తిని పోతాడు."

తప్పని అనలేకపోయినాను. మానేస్తే, పనిచేసే మందును మానేసినట్టు అవుతుందేమో. మానకపోతే, పనిచేయని మందుతో మనిషిని ఊరకనే హింస పెట్టినట్టు అవుతుందేమో. నేను కూడా మెట్ల మీద ఆ బిడ్డ పక్కనే కూర్చున్నాను.

ఆ రోజుల్లోనే మా డిపార్ట్‌మెంట్‌లో ఒక కొత్త స్కాన్ పరిశోధన కింద మొదలైంది. మామూలుగా మేము గడ్డ యాడుందో ఫోటో తీస్తాం. ఇది అట్ల కాదు. ఆ రక్షణ కణాలు యాడున్నాయో తీస్తుంది. గడ్డలోకి పోయినాయా, గడప బయటే నిలబడినాయా, అసలు ఆ పక్కకే పోలేదా, ముక్క కోయకుండా, బయటి నుంచి తెలుస్తుంది. మా డాక్టరమ్మ చిన్న వయసామె, నెమ్మదిగా మాట్లాడుతుంది. మామను, రమణమ్మను కూర్చోబెట్టి వివరం మొదలుపెట్టింది.

"మన ఒంట్లో కొన్ని కణాలు పోలీసుల్లాంటివి పెద్దాయనా..."

"పోలీసులా?" మామ నీరసపడిపోయినాడు. "రమణమ్మా, సంచి సర్దు. పోదాం."

డాక్టరమ్మ బిత్తరపోయి నా పక్క చూసింది. నేను అందుకున్నాను. "పోలీసులు వద్దులే మామా. కాపలా కుక్కలనుకో. ఇంట్లోకి కొత్తవాడు దూరితే కరిచేవి."

"అట్ల చెప్పు."

"ఈ గడ్డ ఉందే, ఇది జాణ దొంగ. కుక్క దగ్గరికి రాగానే దాని తల నిమురుతుంది. నేను మీ ఇంటివాణ్నే అన్నట్టు. కుక్క తోక ఊపి పడుకుంటుంది. నీకు ఎక్కించే మందు ఆ నిమిరే చేతిని కట్టేస్తుంది."

మామ కళ్లు చిన్నవి చేసుకొని ఆలోచించినాడు. "అయితే ఇప్పుడు కుక్కలు యాడున్నాయో మీకు తెల్వదు."

"తెల్వదు. అందుకే ఒక సూది వేస్తాం. ఆ మందు పోయి కుక్కలనే పట్టుకుంటుంది. దానికి రేడియో ధాతువు అంటించి ఉంటాం. మా మిషన్‌కు అది కనిపిస్తుంది."

"మెడకు గంట కట్టి వదిలినట్టు. గంట యాడ మోగితే ఆడున్నాయని."

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి, పెన్ను తీసి, ఆ మాట తన డైరీలో రాసుకుంది. ఆ తర్వాత ఎవరికి వివరం చెప్పినా గంటే కట్టేది.

అయితే మామ అంత తేలిగ్గా సంతకం పెట్టలేదు. ఒక చేతివృత్తివాడు ఇంకొకణ్ని చూసినట్టు మా మిషన్‌ను చూసినాడు. దాని చుట్టూ తిరిగినాడు. వేలితో తట్టినాడు. "ఇది ఇంతవరకు ఎన్ని పాయింట్లు పెట్టింది? ఎన్ని ఫెయిలైనాయి?"

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇది కొత్తది పెద్దాయనా. గట్టిగా చెప్పలేను. కణాలు లోపల కనిపిస్తే మందు పనిచేస్తా ఉందనడానికి గుర్తు అనుకుంటున్నాం. ప్రతిసారీ అట్లనే అవుతుందా అంటే, నాకు తెలియదు."

మామ ఆమె ముఖంలోకి చూస్తా ఉండిపోయినాడు. తర్వాత నా పక్క తిరిగి మెల్లగా అడిగినాడు. "ఇంత పెద్ద మిషన్ పెట్టుకొని, తెలియదని చెప్పొచ్చా కోడలా?"

"చెప్పాల మామా. తెలియకపోతే."

సంతకం పెట్టినాడు.

సూది వేసే రోజు మందు సీసం డబ్బాలో వచ్చింది. బరువైన డబ్బా, లోపల చిటికెన వేలంత సూది. "ఇంత మందుకు ఇంత పెట్టె ఏందిరా నాయనా," అన్నాడు. వేసినాక రెండు చేతులూ వెలుతురులో పెట్టి చూసుకున్నాడు, మెరుస్తా ఉన్నాయేమోనని. ఆ రాత్రికి పసిబిడ్డల్ని ఎత్తుకోవద్దని చెప్తే, "ఈ వయసులో నాకు పసిబిడ్డలు యాడ దొరుకుతారు" అన్నాడు.

మరుసటి రోజు స్కాన్. చేతులు రెండూ తల పైకి పెట్టి, అరగంట కదలకుండా పడుకోవాలి. కదలకపోవడం మామకు కష్టం కాలేదు. మాట్లాడకపోవడమే కష్టమైంది. మిషన్ లోపల నుంచి గొంతు వస్తానే ఉంది.

"కోడలా, ఎన్ని అడుగులు దిగినారు?"

"మాట్లాడొద్దు మామా. ఊపిరి కదిలితే ఫోటో చెదురుతుంది."

రెండు నిమిషాలు కూడా కాలేదు. మళ్లీ, "తడి కనిపిస్తా ఉందా?"

"మామా!"

"సరే సరే."

ఫోటోలు వచ్చినాక డాక్టరమ్మ ఆయన్నే లోపలికి పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. రమణమ్మ వెనక నిలబడి కుర్చీ పట్టుకుంది. తెర మీద మనిషి ఆకారం, ఎడమ పక్క పొట్ట పైన ఒక పెద్ద వెలుగు.

మామ లేచి నిలబడినాడు. "అబ్బ! ఏం ధార! ఏం ధార!"

"కూర్చోండి," అంది డాక్టరమ్మ. "అది ప్లీహం. ఆ కణాలు మామూలుగా ఉండే ఇల్లు. అందరికీ అట్లనే వెలుగుతుంది."

మామ కూర్చున్నాడు, మురుగు సంపు గుర్తొచ్చినట్టుంది, నా పక్క చూడలేదు.

"ఇది ఊపిరితిత్తిలో గడ్డ. చూడండి, వెలుగు లోపల దాకా ఉంది. కణాలు దూరినాయి. ఇది గజ్జల్లోది. అంచుల్లో ఎక్కువ, మధ్యలో కొంచెం తక్కువ, అయినా ఉన్నాయి." ఆమె మౌస్ కిందికి జరిపింది. "ఇది తొడలోది."

తొడలో ఏమీ లేదు. నల్లగా ఉంది. గడ్డ ఉన్నట్టు పక్క ఫోటోలో కనిపిస్తా ఉంది. ఈ ఫోటోలో ఒక్క చుక్క వెలుగు లేదు.

ఇట్లాంటప్పుడు కొందరు పెద్ద డాక్టర్లు, "చూద్దాం, దాంట్లోకి కూడా పోతాయిలే" అంటారు. ఆమె అనలేదు.

"దీంట్లోకి పోలేదు," అంది. "ఎందుకు పోలేదో నాకు తెలియదు."

మామ తెర మీద ఆ నల్లటి చోట వేలు పెట్టినాడు. "ఇది దుమ్ము."

"ఏమన్నారు?"

"దుమ్మమ్మా. ఎంత లోతు పోయినా దుమ్మే. నాకు తెలుసు ఇది." తువ్వాలు దులుపుకొని బయటికి పోయినాడు.

గజ్జల్లో గడ్డ నుంచి సూదితో చిన్న ముక్క తీసి, ఫోటో చెప్పింది నిజమేనా అని చూడాల్సి ఉంది. అది వినగానే మామ అడ్డం తిరిగినాడు. "ఫోటోలో చూసినారు గదా, మళ్లీ తవ్వేది ఎందుకు?"

"నువ్వు పాయింట్ పెట్టినాక రిగ్గు దించరా మామా? కొత్త మిషన్ కదా, ఒకసారి తవ్వి చూసుకుంటేనే దాని మాట నమ్మేది."

పోయి బల్ల మీద పడుకున్నాడు. ముక్క తీసినారు. దాంట్లో కణాలు కిక్కిరిసి ఉన్నాయి. మందు మానొద్దని, విరేచనాలకు వేరే మందిచ్చి కాస్త ఆగి మళ్లీ మొదలుపెడదామని, తొడలో గడ్డను మాత్రం ఆపరేషన్ చేసి తీసేద్దామని డాక్టర్లు అనుకున్నారు. రమణమ్మ వాళ్ల ఇంటాయనకు ఫోన్ చేసి, "ఇంకా ఉంటాం" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

ఆ సాయంత్రం మామ క్యాంటీన్‌లో టీ ముందర పెట్టుకొని తాగకుండా కూర్చోనుంటే పోయి ఎదురుగా కూర్చున్నాను. భయపడినాడేమో అనుకున్నాను.

"తర్లుపాడు పక్కన ఓబులమ్మని ఒకామె ఉంది కోడలా," అన్నాడు. "బత్తాయి తోట. పిల్లోళ్ల మాదిరి పెంచింది. బోరు ఎండిపోతే నన్ను పిలిచింది. నేను మూడు పాయింట్లు పెడితి. మూడూ దుమ్మే. తోట మొత్తం ఎండిపోయింది. చెట్లు కొట్టి పొయ్యిలోకి అమ్ముకుంది."

"నీళ్లు లేకపోతే నువ్వేం చేస్తావు మామా?"

"అది కాదు. మొదటిది పోయినప్పుడే నాకు లోపల అనిపించింది, ఆ చేన్లో లేవని. నా నోట్లో నుంచి ఆ మాట రాలే. లేవని చెప్పేవాణ్ని ఎవరు పిలుస్తారు? ఇంకో ఇరవై అడుగులంటి. ఐదేళ్లయింది. తర్లుపాడు పోవాలంటే ఆమె ఇంటి ముందరే బస్సు ఆగుతుందని, ఒక స్టేజీ ముందరే దిగి చేలకడ్డం పడి నడుస్తా." టీ గ్లాసు అటూ ఇటూ తిప్పినాడు. "ఆ డాక్టరమ్మ చూస్తే మొన్న మొన్న బడి నుంచి వచ్చినట్టుంది. తెలియదని ఎంత సుళువుగా చెప్పేసింది!"

మందు మళ్లీ మొదలైంది. ఇంకో రెండు మూడు నెలలకు ఊపిరితిత్తిలో గడ్డ తగ్గుతా వచ్చింది. తర్వాత గజ్జల్లోది. తొడలోది తీసేసినారు. కోసినచోట మానడానికి నెల పట్టింది, దానికి మామ రోజూ ఫోన్ చేసి నన్ను తిట్టేవాడు, నేనే కోసినట్టు. ఏడాది తిరిగేసరికి స్కాన్‌లో చూపించడానికి మాకు ఏమీ మిగల్లేదు. అందరికీ ఇట్లనే అయిందా అంటే కాలేదు. అదే వారంలో అదే స్కాన్ తీయించుకున్న ఇంకొకాయన గడ్డలు కూడా వెలిగినాయి. ఆయన ఆరు నెలలు కూడా లేడు. ఎందుకో డాక్టరమ్మకు ఇప్పటికీ తెలియదు, ఆ ఫోటోలు అప్పుడప్పుడు తీసి చూస్తా ఉంటుంది.

ఆ తర్వాత నేను సెలవు పెట్టి మార్కాపురం వచ్చిన రోజు మామ ఫోన్ చేసినాడు. "కోడలా, తర్లుపాడు పోవాల. తోడు రా."

"ఎందుకు?"

"నువ్వుంటే ఆమె చెప్పు తీయదు. కొత్త మనిషి ముందర ఎట్ల తీస్తుంది?"

పోయినాం. ఈసారి ఆమె ఇంటి ముందరే దిగినాడు, రెండు కాళ్లకూ చెప్పులతో. ఓబులమ్మ అరుగు మీద కూర్చొని చేటలో కందులు ఏరుతా ఉంది. అరవై దాటిన మనిషి, పెద్ద బొట్టు, పెద్ద గొంతు.

"ఏందన్నా, దారి తప్పినావా?"

మామ చెప్పాల్సిందంతా బస్సులో పాఠం మాదిరి వల్లె వేసుకుంటా వచ్చినాడు. అదంతా మరిచిపోయినాడు. నిలబడే చెప్పినాడు. "ఓబులమ్మా, ఆ పొద్దు నాకు తెలియకనే చెప్పినా. కాదు, తెలిసే చెప్పినా. నీళ్లు లేవని నాకు అనిపిస్తానే ఉండింది. ఉన్నాయని చెప్పినా."

ఆమె చేట ఆపలేదు. "ఆ సంగతి నాకు రెండో బోరుకాడే తెలుసు. దుమ్ము లేస్తా ఉంటే నా ముఖం చూడకుండా రిగ్గు పక్క తిరిగి నిలబడితివి."

మామ నోరు తెరిచినాడు. "మరి మూడోది ఎందుకు వేయించినావు?"

"చెట్లు ఎండతా ఉంటే ఉందని చెప్పే మనిషి ఒకడు కావాల గదన్నా. నువ్వు చెప్తివి, నేను వింటి. అది నీ ఒక్కడి తప్పంటే నేను ఒప్పుకోను." అప్పుడు చేట పక్కన పెట్టింది. గొంతు పెరిగింది. "కానీ ఆరేళ్లు! నా ఇంటి ముందర కాలు పెట్టకుండా చేలకడ్డం పడి నడుస్తావా? నాకు కనపడదనుకున్నావా? అంత పొడుగు మనిషివి, కంది చేన్లో తలకాయ పైకి తేలతా పోతా ఉంటే ఊరంతా చూస్తా ఉంటిమి! అదీ నువ్వు చేసిన తప్పు."

నాకు నవ్వు ఆగలేదు. మామ నన్ను కోపంగా చూసినాడు. ఆమె కూడా నవ్వేసింది. తర్వాత లేచింది. "పదన్నా, ఇప్పుడు నడువు చేన్లో. ఉంటే ఉందను, లేకుంటే లేదను."

"టెంకాయ తేలేదమ్మా."

"కాయ నాతో మాట్లాడుతుందా? నువ్వు మాట్లాడు."

తోట ఉన్న చోటంతా మొద్దులు. మామ చెప్పులు విప్పబోతే నేను ఒప్పుకోలేదు. చెప్పులతోనే ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా నడిచినాడు. మేమిద్దరం ఎండలో నిలబడి చూసినాం. ఆయన ఎప్పుడూ నడిచే నడక కాదది. ఆగడం లేదు, తల ఊపడం లేదు, ఎవరైనా చూస్తా ఉన్నారేమోనని చూడటం లేదు. తిరిగి వచ్చి ఓబులమ్మ ముందర నిలబడి, ఆమె ముఖంలోకి చూసినాడు.

"లేవమ్మా. నాకు తెలిసినకాడికి లేవు. నా మాటే పట్టుకోవద్దు, మిషన్ ఉండేవాళ్లను పిలిచి చూపించు. కానీ నన్ను అడిగితే లేవు."

ఆమె మొద్దుల పక్క తిరిగింది. "ఈ మాట ఆ పొద్దు చెప్పింటే మూడోది వేసేదాన్ని కాదు," అంది. "చెట్లు మాత్రం అప్పుడూ ఎండేటియే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరే. ఈ పక్క కూడా కంది వేస్తా. వానకు ఎంత పండితే అంత. రాండి, అన్నం తిందురు గాని."

కొర్రన్నం, గోంగూర పప్పు, వేయించిన ఎండుమిరపకాయలు పెట్టింది. మామ వద్దు వద్దంటానే మూడుసార్లు పెట్టించుకున్నాడు. తినేటప్పుడు ఆమె నా పని ఏందో అడిగి తెలుసుకొని, తన మోకాలు ముందుకు చాపి, "ఒక్కసారి చూసి చెప్పు తల్లీ, లోపల ఏముందో" అంది. మిషన్ లేకుండా నాకు తెలియదన్నాను. "నువ్వూ అంతేనా," అంది.

తిరిగి వచ్చే బస్సులో మామ కిటికీ పక్కన కూర్చొని ముఖం బయటికి తిప్పుకున్నాడు. అలసిపోయినాడేమో అనుకున్నాను. కాసేపటికి భుజాలు కదలడం చూసి ఏడుస్తా ఉన్నాడనుకొని చెయ్యి పట్టుకున్నాను. తీరా చూస్తే నవ్వు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగడం లేదు.

"ఏంది మామా?"

"ఇన్నేళ్లు బతికినా కోడలా," అన్నాడు, కళ్లు తుడుచుకుంటా. "లేదని చెప్పినందుకు అన్నం పెడతారని నాకు ఒక్కరూ చెప్పలేదే!"